తక్కువ ధర ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌ల విద్యుత్ లక్షణాలు – మూల్యాంకనం

1. ఉపోద్ఘాతం:

ఎలక్ట్రిక్ గిటార్‌లో తంత్రుల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్ని పికప్ అంటారు. తల వెంట్రుకంత సన్నని రాగి తీగను అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టి దీనిని తయారుచేస్తారు. ఉక్కు తంత్రి కంపించినప్పుడు తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. ఆ మార్పు చుట్టలో వోల్టేజిని ప్రేరేపిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే దీనికి ఆధారం. 1930ల ఆరంభంలో అమెరికాలో గిటార్ కోసం రూపొందిన ఈ పరికరం తరువాత ఇతర తంత్రీవాద్యాలకూ విస్తరించింది. పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించింది ఎలక్ట్రిక్ మాండలిన్‌పైనే.

తక్కువ ధర పికప్‌ల అమ్మకపు వివరాలలో సాధారణంగా కనిపించే విద్యుత్ కొలత ఒక్కటే: ఏకముఖ విద్యుత్తుకు అది చూపే నిరోధం. సంఖ్య పెద్దదైతే పికప్ ‘శక్తిమంతమైనది’ అని కొనుగోలుదారులు భావిస్తారు. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో, పికప్ ధ్వని స్వభావాన్ని నిజంగా నిర్ణయించే రాశులేవో, వాటిని తక్కువ ఖర్చుతో ఎలా కొలవవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నిరోధం – దాని పరిమితి:

ఒకే తీగచుట్ట గల పికప్‌లలో నిరోధం సాధారణంగా 5.5 నుండి 6.5 కిలో ఓమ్‌ల వరకు ఉంటుంది. బయటి విద్యుత్ రొదను రద్దుచేయడానికి రెండు చుట్టలను కలిపి నిర్మించే హంబకర్ పికప్‌లలో 7.5 నుండి 8.5 కిలో ఓమ్‌లు ఉండటం పరిపాటి. ఒకే రకం తీగతో, ఒకే కొలతల చట్రంపై చుట్టిన రెండు పికప్‌లను పోల్చేటప్పుడు ఈ సంఖ్య చుట్ల తేడాను కొంతవరకు సూచిస్తుంది. తీగ మారితే ఆ సూచన చెల్లదు. 42 గేజ్ తీగ వ్యాసం సుమారు 0.063 మిల్లీమీటర్లు, 43 గేజ్ తీగది సుమారు 0.056. వ్యాసంలో ఇంత స్వల్ప భేదమే ఒకే పొడవుకు నిరోధాన్ని దాదాపు నాలుగో వంతు పెంచుతుంది. అంటే చుట్ల సంఖ్య మార్చకుండా, సన్నని తీగ వాడినంత మాత్రాన 6 కిలో ఓమ్‌ల పికప్ ఇంచుమించు 7.5 కిలో ఓమ్‌లు చూపుతుంది. తంత్రి ప్రేరేపించే వోల్టేజి మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

ఉష్ణోగ్రత ప్రభావాన్ని కూడా గమనించాలి. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 6 కిలో ఓమ్‌లున్న పికప్, విజయవాడ వేసవిలో 40 డిగ్రీల గదిలో 6.47 కిలో ఓమ్‌లు చూపుతుంది. ఈ తేడాను చూసి పికప్ నాణ్యత మారిందనుకోవడం హాస్యాస్పదమే అవుతుంది. నిరోధపు కొలత అసలు ఉపయోగం లోప నిర్ధారణలో ఉంది. తీగ తెగితే మల్టీమీటర్ అనంతాన్ని చూపుతుంది. చుట్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే సంఖ్య తగ్గవచ్చు.

3. ప్రేరకత్వం, కెపాసిటెన్స్, అనునాదం:

పికప్‌ను కేవలం వోల్టేజి జనకంగా చూస్తే దాని ధ్వని భేదాలు అర్థం కావు. దానికి ప్రేరకత్వం ఉంది. చుట్ల మధ్య కొద్దిపాటి కెపాసిటెన్స్ ఉంది. దానిని ఆంప్లిఫైయర్‌కు కలిపే కేబుల్‌కు మరింత కెపాసిటెన్స్ ఉంది. ఇవన్నీ కలిసి ఒక అనునాద వలయం అవుతాయి. అనునాద పౌనఃపున్యం వద్ద సంకేతం పెరుగుతుంది. ఆపైన అష్టకానికి 12 డెసిబెల్‌ల చొప్పున పడిపోతుంది. ప్రేరకత్వం, మొత్తం కెపాసిటెన్స్‌ల లబ్ధానికి వర్గమూలం తీసి, దానిని 2 పై తో గుణించి, ఫలితానికి వ్యుత్క్రమం తీసుకుంటే ఈ పౌనఃపున్యం లభిస్తుంది.

ఒకే చుట్ట పికప్‌కు 2.4 హెన్రీల ప్రేరకత్వం, 100 పికోఫారడ్‌ల సొంత కెపాసిటెన్స్ ఉన్నాయనుకుందాం. మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున 5 మీటర్ల కేబుల్ కలిపితే మొత్తం 600 పికోఫారడ్‌లు, అనునాదం 4.2 కిలోహెర్ట్‌జ్. అదే కేబుల్‌తో 4.4 హెన్రీల హంబకర్ అనునాదం 3.1 కిలోహెర్ట్‌జ్‌కు దిగుతుంది. మానవ శ్రవణం అత్యంత సున్నితంగా ఉండేది దాదాపు ఈ 2–5 కిలోహెర్ట్‌జ్‌ల మధ్యనే. కనుక ఒకటి మిలమిలలాడుతున్నట్లు, మరొకటి గుండ్రంగా వినిపించడానికి ప్రధాన కారణం ఇక్కడే దొరుకుతుంది. జర్మన్ రచయిత హెల్ముట్ లెమ్మె పికప్‌లను నిరోధంతో కాక అనునాదంతో వర్ణించాలని వాదించడం ఈ దృష్ట్యా సమంజసం.

తక్కువ ధర పికప్‌లలో ప్రేరకత్వం తరచు ఎక్కువగా ఉండటానికి నిర్మాణ కారణముంది. సంప్రదాయ నిర్మాణంలో చుట్ట మధ్యలో ఆల్నికో అయస్కాంత కడ్డీలే ఉంటాయి. ఖర్చు తగ్గించే నిర్మాణంలో వాటి స్థానంలో ఉక్కు కడ్డీలు పెట్టి, అడుగున సిరామిక్ అయస్కాంతపు పట్టీ అతికిస్తారు. ఉక్కు అయస్కాంత ప్రవేశ్యశీలత ఆల్నికో కంటే చాలా ఎక్కువ కాబట్టి, అవే చుట్లకు ప్రేరకత్వం పెరిగి అనునాదం కిందికి జరుగుతుంది. ‘సిరామిక్ ధ్వని’ అని నిందించే లక్షణంలో పెద్ద భాగం సిరామిక్‌ది కాదు, చుట్ట మధ్యనున్న ఉక్కుది.

4. లోహపు తొడుగు – నష్టాలు:

అనునాదం ఏ పౌనఃపున్యం వద్ద ఉందన్నది ఎంత ముఖ్యమో, దాని శిఖరం ఎంత ఎత్తుగా ఉందన్నదీ అంతే ముఖ్యం. చుట్ట సమీపంలోని లోహ భాగాలలో ఎడ్డీ ప్రవాహాలు పుట్టి ఈ శిఖరాన్ని అణచివేస్తాయి. మేలైన హంబకర్ తొడుగులకు నికెల్ సిల్వర్ వాడతారు. తెలుగు ఇళ్లలో జర్మన్ సిల్వర్‌గా పరిచితమైన ఈ మిశ్రమలోహంలో వెండి ఉండదు. ఉన్నవి రాగి, నికెల్, జింక్. చౌక పికప్‌లకు తరచు ఇత్తడి తొడుగు వేస్తారు. ఇత్తడి విద్యుద్వాహకత నికెల్ సిల్వర్‌కు దాదాపు నాలుగు రెట్లు. అందువల్ల మందపాటి ఇత్తడి తొడుగు కింద శిఖరం దాదాపు చదునై, ధ్వని మొద్దుబారుతుంది. తొడుగు తీసి కొలిస్తే ఈ భేదం స్పష్టంగా బయటపడుతుంది. నిరోధం మాత్రం ఆ రెండు కొలతల్లోనూ ఒక్కటే.

5. కొలిచే విధానం:

పికప్‌ను గిటార్ వలయం నుండి విడదీసి కొలవాలి. లేకపోతే వాల్యూమ్ నియంత్రకం సమాంతరంగా చేరి ఫలితాలను మారుస్తుంది. ప్రేరకత్వాన్ని ఎల్.సి.ఆర్. మీటర్‌తో 100 లేదా 120 హెర్ట్‌జ్‌ల వద్ద, 1 కిలోహెర్ట్‌జ్ వద్ద కొలిచి, ఏ పౌనఃపున్యమో తప్పక నమోదు చేయాలి. అది చెప్పని ప్రేరకత్వపు సంఖ్యలను ఒకదానితో ఒకటి పోల్చడం కుదరదు.

అనునాదం కోసం కొన్ని పదుల చుట్ల చిన్న తీగచుట్టను పికప్‌పై ఉంచి, దాని గుండా స్థిర పరిమాణపు విద్యుత్తును క్రమంగా పెరిగే పౌనఃపున్యంతో పంపాలి. కంప్యూటర్ సౌండ్ కార్డు ఈ పనికి చాలుతుంది. ప్రేరిత వోల్టేజి పౌనఃపున్యంతోపాటు అష్టకానికి 6 డెసిబెల్‌ల చొప్పున సహజంగానే పెరుగుతుంది కనుక, ఆ మేరకు ఫలితాన్ని సవరించాలి. మొదట ఏ భారమూ లేకుండా, తరువాత 470 పికోఫారడ్‌ల కెపాసిటర్, 200 కిలో ఓమ్‌ల నిరోధకం కలిపి రెండుసార్లు కొలవడం మంచిది. రెండవ కొలత గిటార్‌లో, కేబుల్ చివర జరిగేదానికి దగ్గరగా ఉంటుంది. రెండు అనునాదాల వర్గాల నిష్పత్తి నుండి ఒకటి తీసివేసి, వచ్చిన దానితో 470ని భాగిస్తే చుట్ట సొంత కెపాసిటెన్స్ పికోఫారడ్‌లలో తేలుతుంది. కొలిచే పరికరపు కెపాసిటెన్స్ కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి దానిని మినహాయించాలి.

6. పికప్ మార్చే ముందు:

పై 2.4 హెన్రీల పికప్‌కు వాల్యూమ్, టోన్ నియంత్రకాలు రెండూ 250 కిలో ఓమ్‌లవైతే, 1 మెగా ఓమ్ ఆంప్లిఫైయర్‌తో కలిపి లెక్కించినప్పుడు అనునాద శిఖరం సుమారు 4 డెసిబెల్‌లు. అవే 500 కిలో ఓమ్‌లవైతే సుమారు 8 డెసిబెల్‌లు. ఇవి ఎడ్డీ నష్టాలను వదిలేసిన లెక్కలు. అయినా తేడా చెవికి తెలిసేంత ఉంది. పైగా ఈ నియంత్రకాల విలువలో 20 శాతం హెచ్చుతగ్గులు సాధారణం. కేబుల్ ప్రభావమూ తక్కువేమీ కాదు. 3 మీటర్ల కేబుల్‌తో 5.1 కిలోహెర్ట్‌జ్ వద్దనున్న అనునాదం 6 మీటర్ల కేబుల్‌తో 3.9కు దిగుతుంది. ధ్వని మరీ కరకుగా ఉందని కొత్త పికప్ కోసం వేల రూపాయలు వెచ్చించబోయే విద్యార్థి, 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ నియంత్రకానికి సమాంతరంగా 470 కిలో ఓమ్‌ల నిరోధకాన్ని అతికించి ముందు విని చూడవచ్చు. ఆ నిరోధకం ధర కొద్ది రూపాయలు మాత్రమే.