లోయలో గనిమట్టి, నీటిదారి

భూగర్భమునుండి ఖనిజమును వెలికిదీయుట కష్టమైన పని. ఖనిజము పోగా మిగిలిన వ్యర్థమును భద్రముగా నిలుపుట అంతకన్న కష్టము. కడప జిల్లాయందు చిలమకూరు పరిసరములలో సున్నపురాయి గనులు కలవు. అచ్చట త్రవ్విన రాతిలో చాల భాగము సిమెంటునకే పోవును. పులివెందుల ప్రాంతమునగల తుమ్మలపల్లె యురేనియం గని అట్టిది కాదు. అచ్చటి రాతిలో యురేనియము వేయింట ఒక పాలైనను లేదు. కావున పొడిచేసిన రాయి దాదాపు అంతయు సోడాద్రవముతో కలిసి బురదగా మిగులును. 2012లో పని ప్రారంభించిన ఆ కర్మాగారపు బురదను గొట్టములద్వారా పంపి, కొండల నడుమ కట్టిన మడుగులో నిలుపుదురు.

లోయను ఎన్నుకొనుటకు కారణము స్పష్టము. మూడు ప్రక్కల కొండలే గోడలగును. నాలుగవ ప్రక్క కట్ట వేసిన చాలును. కాని లోయ వాననీటికి సహజమైన దారి. దానిని మూసినంతమాత్రమున నీరు తన దారిని మరువదు.

కావున మొదట నీటికి వేరుదారి చూపవలెను. కొండవాలుల వెంబడి కాలువలు త్రవ్వి వాననీటిని ప్రక్కకు మళ్లింపవలెను. లోయలో ఊటలున్నచో ముందుగానే రాతికాలువలద్వారా వానిని వెలుపలికి నడపవలెను. అడుగున బంకమట్టియు, ప్లాస్టిక్ పొరయు పరచి లవణములు భూమిలో ఇంకకుండ చేయవలెను. కట్టను పలుచని పొరలుగా పోసి, ప్రతి పొరను రోలరుతో అణచవలెను. కట్టలోపల ఇసుక, గులకరాళ్లు వరుసగా పేర్చిన వడపోత పొర నీటిని పోనిచ్చి మట్టిని నిలుపును.

నీరు చేరిన మట్టి ఏల ప్రమాదకరము? మట్టిరేణువులు ఒకదానినొకటి ఒరసికొని నిలుచును. నడుమ నీరు నిండి ఒత్తిడి పెరిగినచో ఆ ఒరపు తగ్గి, గుట్ట ద్రవమువలె పారును. 1966 అక్టోబరు 21న వేల్సు దేశపు అబర్‌ఫాన్ గ్రామమున ఇదియే జరిగెను. కొండపై ఊటల మీద పోసిన బొగ్గుగని వ్యర్థము జారి, క్రిందనున్న పాఠశాలను కప్పివేసెను. 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు.

కట్ట తెగుట ఒక్కటే అపాయము కాదు. తుమ్మలపల్లె పరిసరపు రైతులు తమ బోరుబావుల నీరు చెడి పైరులు దెబ్బతిన్నవని ఫిర్యాదు చేసిరి. గని సంస్థ ఆ ఆరోపణను అంగీకరింపలేదు. కాలుష్య నియంత్రణ మండలి మడుగు అడుగుపొరను గూర్చి సంజాయిషీ కోరెను. ఇట్టి వివాదమును తీర్చునది మాట కాదు, కొలత. మడుగు చుట్టును పరీక్షబావులు త్రవ్వి, ప్రతి ఋతువునందును నీటిని పరీక్షించి, ఫలితములను గ్రామస్థుల యెదుట ఉంచవలెను.

ఈ ఎరుక రాయలసీమకు క్రొత్తది కాదు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనము, కట్టనుండి నీరూరుటను చెరువు దోషములలో ఒకటిగా లెక్కించినది. నాటి కట్ట వెనుక నున్నది మంచినీరు. నేటి కట్ట వెనుకనున్న బురదలో రేడియము కలదు. అది సగము తరుగుటకే సుమారు 1600 ఏండ్లు పట్టును. గని మూతపడినను కట్టకు కావలి మానరాదు.