కొండపై వైర్‌లెస్ శిబిరము

2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలకు వరదలు వచ్చినపుడు, నాటి మహబూబ్‌నగరు జిల్లాలోని అలంపురము నీట మునిగినది. ఇట్టి ఆపదలలో విద్యుత్తు, టెలిఫోను నిలిచిపోయినను, బ్యాటరీతో నడచు హామ్ రేడియో వార్తలను చేరవేయగలదు. అయితే సాధన లేనిదే యంత్రము అక్కరకు రాదు. ఆ సాధనకై హామ్ సంఘములు రెండు దినములు ఆరుబయట శిబిరము నడుపుకొనవలెనని మనము కోరుచున్నాము. అమెరికాలో ఈ ఆచారము 1933లో మొదలైనది.

దేవరకొండ వంటి ఎత్తైన తావులు ఇందుకు అనువైనవి. 144 మెగాహెర్ట్జుల తరంగములు ఇంచుమించు సూటిగా పయనించును గనుక, ఎత్తు హెచ్చినకొలది దూరము హెచ్చును. కోటలలోను, అడవులలోను ముందుగా అనుమతి పొందవలెను.

పనులను పంచుకొనుడు. ఒకరు 12 వోల్టుల బ్యాటరీలను, ఒకరు త్రాగునీటిని, ఒకరు సంభాషణల పట్టికను చూచుకొనవలెను. 7.1 మెగాహెర్ట్జుల ఏరియల్‌కు, చెరియొక ప్రక్క సుమారు 10 మీటర్లుగా రాగితీగెను కట్టవలెను. అది కరెంటు తీగెలకు దూరముగా ఉండవలెను. ఉరుము వినిపించిన వెంటనే పని ఆపవలెను.

లైసెన్సు లేనివారు ప్రసారము చేయరాదు. 12 ఏండ్లు నిండినవారు లైసెన్సు పరీక్షకు కూర్చొనవచ్చును.

శిబిరము ముగియగానే ఏ తీగె తెగినది, ఏ బ్యాటరీ ఎన్ని గంటలు నిలిచినది వ్రాసికొనుడు. కొండపై బయటపడిన లోపమును వరదకు ముందే సరిదిద్దుకొనవచ్చును.