నీళ్ళ సీమ గయానా

దక్షిణ అమెరికా ఉత్తర తీరమున గయానా యను దేశము కలదు. అచ్చటి పొటారో నది 226 మీటర్ల ఎత్తునుండి ఒక్క దుముకున క్రిందికి పడును. అదియే కైటూరు జలపాతము. దాని చెంత మనిషిని మించి పెరుగు మొక్కల ఆకు మొదళ్ళలో వాననీరు నిలుచును. బంగారు వన్నె గల చిట్టికప్ప యొకటి ఆ నీటిలోనే పుట్టి, పెరిగి, గ్రుడ్లు పెట్టును.

చూడబోవువారు జలపాతమునే మెచ్చుకొందురు. నాకు మాత్రము అచ్చటి సముద్రపు కట్టలు అంతకంటె వింతగా తోచును. జనులలో పెక్కురు నివసించు తీరభూమి, పోటు వేళ సముద్రమట్టమునకు దిగువ నుండును. డచ్చివారు కట్టలు వేయించి, కాలువలు త్రవ్వించి, చెరకుతోటలు పెంచిరి. మన్ను మోసినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు; వారిలో స్త్రీలును గలరు. 1763లో బెర్బీసు సీమయందు కఫీ యనువాని నాయకత్వమున వారు తిరుగబడిరి. ఆ తిరుగుబాటు అణచివేయబడెను.

పిదప దేశము ఆంగ్లేయుల వశమయ్యెను. 1838లో బానిసత్వము ముగియు వేళకు తోటల యజమానులు కలకత్తానుండి రెండు ఓడలలో మనవారిని ఒప్పందపు కూలీలుగా రప్పించిరి. ఆ ఓడలలో స్త్రీలు మిక్కిలి కొలదిమంది. 1917 వరకు సుమారు 2,39,000 మంది అట్లు చేరిరి. చెన్నపట్టణపు రేవునుండి పోయిన తెలుగువారును అందున్నారు. దేశము 1966 మే 26న స్వతంత్రమయ్యెను. కూలీలుగా పోయినవారు చేపట్టిన వరిసాగు నేటికిని ఆ కట్టల వెనుకనే సాగుచున్నది.