పురాణకథను క్రీడగా నిర్మించుట

కంప్యూటరుపై యుద్ధతంత్ర క్రీడల నాడుట నేటి బాలురకు మనము నేర్పనక్కరలేదు. వారే మనకు నేర్పగలరు. అట్టి క్రీడలో నొక ఘట్టమును స్వయముగా నిర్మించుట మాత్రము వేఱొక విద్య. అది యెట్టిదో, అందలి కష్టమెక్కడ నున్నదో, నేను చేసిన యొక చిన్న ప్రయత్నమును బట్టి చదువరులకు దెలుపదలచితిని.

‘ఏజ్ ఆఫ్ మైథాలజీ’ యను క్రీడ 2002వ సంవత్సరమున వెలువడినది. దానిని నిర్మించినది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమందలి ఎన్సెంబుల్ స్టూడియోస్ అను సంస్థ, ప్రకటించినది మైక్రోసాఫ్ట్. నిర్మించిన సంస్థ 2009లో మూతపడెను గాని క్రీడ నిలిచినది. 2024లో ‘రీటోల్డ్’ అను పేర నూతనరూపమున మరల వెలువడినది. తొలికూర్పున గ్రీకు, ఈజిప్టు, నార్సు జాతుల పురాణములు గలవు. ఆటగాడు ఆహారము, కలప, బంగారము అను మూడింటితోడ దేవతానుగ్రహమును గూడ సంపాదింపవలయును. గ్రీకులు దేవాలయమున బ్రార్థించియు, ఈజిప్షియనులు స్మారకములను గట్టియు, నార్సువారు యుద్ధము చేసియు దానిని బడయుదురు. సైన్యమునందు మూడు తెగలు గలవు. పురాణజీవులు సామాన్యసైనికులను గెలుచును. వీరులు పురాణజీవులను గెలుతురు. సామాన్యసైనికులు మూకుమ్మడిగా వీరులను గెలుతురు. ఈ మూడవమాట గాక రెండవమాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. అదియే నన్ను చిక్కులం బెట్టినది.

ఈ క్రీడతోపాటు ఘట్టములను గల్పించుటకు ఎడిటరను సాధనమొకటి యిచ్చిరి. దానితో నేలను బఱచి, కొండల నెత్తి, నీరు నింపి, ఇండ్లను జెట్లను మనుష్యులను వలసినచోట నిలుపవచ్చును. ఇంతవరకు నిది బొమ్మలకొలువు పెట్టుటవంటిది. బొమ్మలకు బ్రాణము పోయునవి ట్రిగ్గరులు. ట్రిగ్గరనగా నేమి? నడుమ ‘యెడల’ అను మాట గల యొక వాక్యము. వీరుడు ద్వారమును సమీపించిన యెడల ద్వారము తెఱచుకొనును. మూడు నిమిషములు గడచిన యెడల శత్రువులు వత్తురు. రాజు చచ్చిన యెడల ఆట ముగియును. ‘యెడల’కు ముందున్నది నియమము, తరువాతిది ఫలితము. హిరణ్యకశిపుని వరమును గథగా విన్నవారికిది క్రొత్తగాదు. పగలుగాని రాత్రిగాని, లోపలగాని వెలుపలగాని యని అతడు కోరిన దంతయు నియమముల పట్టికయే; కథ యంతయు నా పట్టికలోని సందును వెదకుటయే.

క్రొత్తగా బూనుకొనువారు సామాన్యముగా నిచ్చటనే పొరపడుదురు. ట్రాయి నగరప్రాకారమును వారముల తరబడి చెక్కి, ఇరువురు సైనికులకు అకిలీస్, హెక్టర్ అని పేరులు పెట్టి, రెండు సేనలను ఢీకొల్పి, పురాణఘట్టమును నిర్మించితి మందురు. ఆ పేరులు మార్చి చూడుడు. ఆటలో నేమియు మాఱనియెడల అక్కడ కథ లేదు, రంగుతెర మాత్రమున్నది.

నేను ‘ఒడిస్సీ’ కావ్యమున తొమ్మిదవ సర్గమందలి సైక్లాప్స్ కథను గ్రహించితిని. ఒడిస్సియస్ పండ్రెండుగురు నౌకాభటులతో నొక గుహను బ్రవేశించును. ఆ గుహ ఒంటికంటి రాక్షసుడగు పాలిఫీమసుది. వాడు సాయంకాలమున మందను దోలుకొనివచ్చి, ఇరువదిరెండు బండ్లైనను గదల్పలేని బండతో ద్వారమును మూసి, ఇద్దరిని దినును. మఱునాటి యుదయమున నిద్దరిని, సాయంకాలమున నిద్దరిని దినును. మొదటిరాత్రియే ఒడిస్సియస్ కత్తి దూసి నిద్రించువానిని బొడువ దలచి, మరల నాగును. ఏలయన, వాడు చచ్చినచో బండను దొలగించువాడెవడు? ఈ యొక్క ప్రశ్నకొఱకే నేనీ కథను గోరుకొంటిని. శత్రువును జంపుట యిందు జయముగాదు, చావు. చంపుటయే జయమని నేర్పు క్రీడలో దీని నెట్లు నిలుపుట?

నిర్మాణమున గుహ కష్టమైనది గాదు. ఎక్కరాని కొండలను వలయముగా నిలిపి, ఒక్క సందు విడిచి, సందులో బండ నుంచితిని. రాక్షసుడు సందును సమీపించినయెడల బండ మాయమగును; వాడు దాటిన పిమ్మట మరల గనుపించును. వాని కాకలివేళలు మూడేసి నిమిషముల కొకసారి. పండ్రెండుగురు భటులు, పూట కిద్దఱు. కాన ఆఱు పూటలు, పదునెనిమిది నిమిషములు. హోమరు కథలో మూడు పూటలకు ఆర్గురు పోయి ఆర్గురు మిగిలిరి. ఆటగాడు పగటివేళ నలుగురిని కలపకుప్పయొద్ద నిలిపినయెడల మ్రాను సిద్ధమగును. సాయంకాలమున ఒడిస్సియస్ మద్యపుకూజాలను జేరినయెడల రాక్షసుడు నిద్రించును. అప్పుడు మ్రానుతో వచ్చినచో వాని కన్ను పోవును. సోమరియైన యాటగానికి మఱొక పూట, మఱి యిద్దఱు.

ఇట్లు సిద్ధపఱచి, మా వీథిలోని యొక బాలుని బిలిచి యాడుమంటిని. అతడు ఒడిస్సియసును జూచెను, రాక్షసుని జూచెను. వీరులు పురాణజీవులను గెలుతురు గదా! ఒక్క నిమిషములో జంపివైచెను. పిమ్మట కొండల చుట్టును ద్రిప్పి త్రిప్పి, “మాస్టరుగారూ, గెలిచితిని గదా, త్రోవ యేది?” అని యడిగెను. హోమరు చెప్పదలచిన దంతయు నా ప్రశ్నలో నున్నది. అయినను తప్పు బాలునిది గాదు, నాదే. బండ బరువెంతయో నేనతనికి జూపనేలేదు. తెలియని నియమమున నోడించుట పరీక్షగాదు, వంచన.

మరల గూర్చుండి యొక ట్రిగ్గరును జేర్చితిని. మొదటిరాత్రి ద్వారము మూసికొన్న పిమ్మట భటులందఱు బండయొద్దకు దామే నడచి, త్రోసి, ఓడి, వెనుకకు వత్తురు, “మేము పదుమువ్వురము చాలము, మూసినవాడే తీయవలయును” అని తెరపై గనుపించును. అంతకుమించి చెప్పలేదు. చంపవలదని యాజ్ఞాపింపలేదు. కొందఱు మిత్రులు రాక్షసునికి జావులేకుండ జేసిన సులభమగునని యుపదేశించిరి. నిజమే, ఎడిటరులో నది సాధ్యమే. కాని చంపరానివానిని జంపకుండుటలో వివేకమేమున్నది? చంపగలిగియు జేయి యాపుకొనుటయే యీ కథ.

వెలుపలికి బోవుట కొంత తేలిక. గ్రుడ్డివాడు ద్వారమున గూర్చుండి మందను దడవి విడుచును. హోమరు మూడేసి గొఱ్ఱెలను గట్టి, నడిమి గొఱ్ఱె పొట్టక్రింద నొక్కొక్క మనుష్యుని బంపెను. నేను మేకలతో సరిపెట్టితిని. మేక ప్రక్కనున్న భటుని రాక్షసుడు విడుచును. ఒంటరిగా వచ్చినవానిని బట్టును. ‘ఎవడునుగాను’ అని ఒడిస్సియస్ చెప్పిన దొంగపేరును మాత్రము నేను క్రీడగా మార్చలేకపోతిని. అది మాటల చమత్కారము. మాటలుగనే సంభాషణలో నుంచితిని. కొన్నింటి నట్లు విడుచుట మేలు.

మిగిలినది నౌక. కథలో ఒడిస్సియస్ తప్పించుకొనియు నూరకుండలేక తన నిజమైన పేరును గేకవేసి చెప్పెను. రాక్షసుడు తన తండ్రియగు పొసైడనును వేడుకొనెను. దానివలన నతని యింటిత్రోవ పాడయ్యెను. నేను తీరమున నొక కొండకొమ్మును నిలిపి, నౌక దానిని సమీపించిన యెడల ఒడిస్సియస్ పేరు చెప్పునట్లును, బండలు పడునట్లును ఏర్పఱచితిని. సమీపింపనక్కరలేదు, ఎదుట సముద్రము తెఱపియై యున్నది, అటు సాగిన యెడల జయము.

ఆ బాలుడు మరల వచ్చి యాడెను. ఈసారి యెనమండుగురిని రక్షించెను, హోమరుకంటె నిద్దఱెక్కువ. నౌక తీరమును విడిచిన పిమ్మట కొంతసేపు నిలిపి, కొండకొమ్మువైపు జూచి, “ఒక్కసారి చెప్పివచ్చెదను, మాస్టరుగారూ” అని వెనుకకు ద్రిప్పెను.