మూత్ర పరీక్షతో సోడియం, పొటాషియం అంచనా

ఒక వ్యక్తి లేదా ఒక జనసమూహం ఆహారం ద్వారా రోజుకు ఎంత సోడియం, ఎంత పొటాషియం తీసుకుంటున్నదీ మూత్రంలో విసర్జింపబడిన పరిమాణాన్ని బట్టి లెక్కకట్టవచ్చును. సోడియం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. తగినంత పొటాషియం దానిని తగ్గించడానికి తోడ్పడుతుంది. అందువల్ల ప్రజారోగ్య శాస్త్రంలో ఈ కొలతకు చాలా ప్రాముఖ్యం ఉన్నది.

అవసరం

ఏమి తిన్నారో అడిగి తెలుసుకునే పద్ధతిలో ఉప్పు లెక్క సరిగా తేలదు. మన ఇళ్ళలో ఉప్పు ఎక్కువగా వంటలోనే పడుతుంది. ఇంటిల్లిపాదికీ వండిన పప్పులో, పులుసులో ఒక్కొక్కరి వాటాకు ఎంత ఉప్పు వచ్చిందో, ఆవకాయతో, అప్పడాలతో ఎంత చేరిందో ఎవరూ చెప్పలేరు. రక్త పరీక్ష కూడా ఇందుకు పనికిరాదు. ఉప్పు ఎక్కువ తిన్నా, తక్కువ తిన్నా రక్తంలో సోడియం సాంద్రత దాదాపు స్థిరంగా ఉంటుంది. మిగులును మూత్రపిండాలు బయటికి పంపివేస్తాయి.

ఆహారంలోని సోడియంలో సుమారు 90 శాతం మూత్రంలోకి చేరుతుంది. పొటాషియంలో కొంత భాగం మలం ద్వారా పోతుంది కనుక మూత్రంలో చేరేది సుమారు నాలుగింట మూడు వంతులు మాత్రమే.

24 గంటల సేకరణ

ఇది ప్రామాణిక పద్ధతి. ఉదయం మొదటి మూత్రాన్ని విడిచిపెట్టి, ఆ సమయాన్ని రాసుకొని, అప్పటి నుండి మరునాటి ఉదయపు మొదటి మూత్రం వరకు మొత్తం ఒకే పాత్రలో సేకరించాలి. ఒక్కసారి మరచినా లెక్క తగ్గుతుంది. సేకరణ పూర్తిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి క్రియాటినిన్ పరిమాణాన్ని చూస్తారు.

ఉదాహరణకు మొత్తం మూత్రం 1.5 లీటర్లు, లీటరుకు సోడియం 100 మిల్లీమోల్‌లు, పొటాషియం 30 మిల్లీమోల్‌లు అనుకుందాం. సోడియం 150 మిల్లీమోల్‌లు, అనగా (ఒక మిల్లీమోల్ 23 మిల్లీగ్రాములు) 3,450 మిల్లీగ్రాములు. ఇది సుమారు 8.8 గ్రాముల ఉప్పుకు సమానం. మూత్రంలో చేరని భాగాన్ని కూడా కలిపితే తిన్న ఉప్పు 10 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. పొటాషియం 45 మిల్లీమోల్‌లు, అనగా (ఒక మిల్లీమోల్ 39 మిల్లీగ్రాములు) 1,755 మిల్లీగ్రాములు. తిన్నది సుమారు 2.3 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు, పొటాషియం కనీసం 3.5 గ్రాములు ఉండాలి.

1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాలలోని 52 కేంద్రాలలో పదివేలమందికి పైగా ఈ పద్ధతినే వాడింది.

ఒక్కసారి తీసిన నమూనా

రోజంతా సేకరించడం కష్టం కనుక ఒకే నమూనాలోని సోడియం, క్రియాటినిన్‌ల నిష్పత్తికి వయస్సు, బరువు మొదలైనవి జోడించి రోజు మొత్తాన్ని అంచనా వేసే సూత్రాలు వచ్చాయి. జపాన్‌లో రూపొందిన కవాసాకి (1993), తనాకా (2002) సూత్రాలు ప్రసిద్ధమైనవి. ఇవి తక్కువ తినేవారి లెక్కను ఎక్కువగాను, ఎక్కువ తినేవారి లెక్కను తక్కువగాను చూపుతాయి.

పరిమితులు, వివాదం

మాస్కోలో జరిగిన అంగారక యాత్ర నమూనా ప్రయోగాలలో, రోజూ ఒకే మోతాదులో ఉప్పు ఇచ్చినా సోడియం విసర్జన రోజురోజుకూ మారిందని 2013లో తెలిపారు. కాబట్టి ఒక్క రోజు సేకరణ జనసమూహపు సగటును చెప్పగలదు గాని, ఒక వ్యక్తి అలవాటును నిర్ధారించలేదు. అందుకు పలు రోజుల సేకరణ కావాలి. అధికంగా చెమట పట్టడం, మూత్రం ఎక్కువ చేసే మందులు, మూత్రపిండాల వ్యాధి కూడా ఫలితాన్ని మారుస్తాయి.

2014లో వెలువడిన ప్యూర్ అధ్యయనం కవాసాకి సూత్రాన్ని వాడి, సోడియం మరీ తక్కువైనా ప్రమాదమేనని సూచించింది. సూత్రంలోని లోపమే ఇందుకు కారణం కావచ్చునని ఇతర పరిశోధకులు వాదించారు. పలుమార్లు 24 గంటల మూత్రం సేకరించిన ఒక అమెరికా అధ్యయనంలో సోడియం తగ్గినకొద్దీ మరణాల రేటు తగ్గుతూనే వచ్చింది. ఉప్పు ఎంత తగ్గించాలన్న సలహా ఈ విధంగా కొలిచే పద్ధతిపై కూడా ఆధారపడి ఉన్నది.

భారతదేశంలో

24 గంటల సేకరణతో జరిగిన ఒక సర్వే (2017లో ప్రచురణ) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు ఉప్పు వాడకం రోజుకు సుమారు 9.5 గ్రాములు, ఢిల్లీ, హర్యానాలలో సుమారు 8.6 గ్రాములు. 2017-18 జాతీయ సర్వేలో ఒక్కసారి తీసిన నమూనాల ఆధారంగా దేశ సగటు 8 గ్రాములుగా అంచనా వేశారు. పద్ధతులు వేరు కనుక ఈ రెండు సర్వేల అంకెలను నేరుగా పోల్చరాదు. అయినా రెండూ 5 గ్రాముల పరిమితిని మించే ఉన్నాయి.