కోలారు పిల్లవాడి ఫిజిక్సు డిగ్రీ: అప్పెంత, రాబడెంత

పీయూసీ (ఇంటర్) ఫలితాలు వచ్చాయంటే కోలారు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటికి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని కదా, సలహా కోసం వస్తారు. బంగారుపేటవాళ్లయినా, ముళబాగిలు పక్క పల్లెవాళ్లయినా అడిగేది ఒకటే. "సార్, మావాడు బీఎస్సీలో ఫిజిక్సు చదువుతానంటా ఉండాడు. దాంట్లో ఏమొస్తాది? అప్పు చేసి చదివించొచ్చునా?"

ఈ ప్రశ్నను చిన్నచూపు చూసే మేష్టర్లంటే నాకు కోపం. చదువుకు డబ్బు లెక్క కట్టకూడదనడం నెలనెలా జీతం వచ్చేవాడికి సులువు. టమాటా ధర పడిపోతే ఆ ఏడాది సంసారమంతా తలకిందులయ్యే ఇంట్లో లెక్క కట్టి తీరాలి. అందుకే ముందు కాగితం, పెన్ను తీస్తాను.

పిల్లవాడు బెంగళూరులో ప్రైవేటు కాలేజీ, హాస్టల్ అంటున్నాడనుకుందాం. మూడేళ్లకు 4 లక్షలు బ్యాంకు అప్పు. బ్యాంకులు పాటించే నమూనా విద్యారుణ పథకంలో 4 లక్షల వరకు మన వాటాగా ఏమీ కట్టనక్కర్లేదు, ఆస్తి తాకట్టూ అడగరు. చదువు ముగిసిన ఏడాది తర్వాతే కంతులు మొదలు. ఇక్కడే చాలామంది పొరబడతారు, అంతవరకూ వడ్డీ ఉండదని. వడ్డీ డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే నడుస్తుంది. ఏటా మొదట్లో లక్షా 33 వేల చొప్పున తీసుకుని, నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీ వేసుకుంటే, కంతు మొదలయ్యే నాటికి బారువడ్డీయే లక్షా 20 వేలు. 4 లక్షలు 5 లక్షల 20 వేలై కూర్చుంటుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,870 రూపాయలు, మొత్తం 8 లక్షల పాతిక వేల దాకా. తీసుకున్నదానికి రెండింతలకు పైనే.

ఇప్పుడు రాబడి. ఫిజిక్సులో బీఎస్సీ మాత్రమే చేతిలో పెట్టుకుని బయటికి వెళ్లిన నా విద్యార్థుల్లో చాలామంది నెలకు పదిహేను, ఇరవై వేల మధ్య మొదలుపెట్టారు. కొందరు కోలారు దగ్గరి నరసాపుర ఫ్యాక్టరీల్లో డిప్లొమా చదివినవాళ్ల పక్కనే నిలబడ్డారు. ఇంకొందరు మారికుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లి, రాత్రి ఇల్లు చేరేవారు. పద్దెనిమిది వేల జీతంలో 6,870 కంతు పోతే మిగిలేదానితో బెంగళూరులో గది అద్దె, భోజనం కూడా సాగవు. పైగా విద్యారుణం కాగితం మీద తండ్రి సంతకం కూడా ఉంటుంది. కొడుకు కంతులు ఆపితే తండ్రి పేరూ బ్యాంకుల దగ్గర చెడుతుంది. రేపు బోరు వేయించడానికి అప్పు కావాలంటే అదే అడ్డొస్తుంది.

కాబట్టి బీఎస్సీ కోసం అప్పు వద్దంటాను. ఫిజిక్సు వద్దని మాత్రం అనను.

అనలేను కూడా. మా నాయన పనిచేసిన చాంపియన్ రీఫ్ గనిలో ఈ శాస్త్రం చేసిన పని అంత పెద్దది. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో ఫిజిక్సు చదివిన బి.వి. శ్రీకంఠన్ 1948లో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో చేరారు. 1950ల మొదట్లో హోమీ భాభా ప్రోత్సాహంతో కోలారు గనుల్లోకి దిగి కాస్మిక్ కిరణాలను కొలవడం మొదలుపెట్టారు. ఆకాశం నుంచి పడే మ్యుయాన్ కణాలను పైనున్న రాయి ఆపేస్తుంది. లోతుకు పోయేకొద్దీ అవి తగ్గిపోతాయి. న్యూట్రినోలు మాత్రం భూమిని ఆ కొస నుంచి ఈ కొసకు దాటిపోగలవు. ఎప్పుడో ఒకటి రాతిని తాకి మ్యుయాన్‌ను పుట్టిస్తే, అది పక్కవాటుగా వచ్చినా పట్టుకోవచ్చు. 1965లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో మొట్టమొదటివాళ్లలో వీళ్లూ ఉన్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలోనూ ఇంకో బృందానికి ఇదే దొరికింది. కోలారు బృందం ప్రచురించిన వ్యాసం మీదున్న పేర్లలో శ్రీకంఠన్‌తో పాటు ఎం.జి.కె. మీనన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఉన్నారు. ఆ తర్వాత ప్రోటాన్ విరుగుతుందా అని చూడటానికి 140 టన్నుల ఇనుముతో పరికరం కట్టారు. ఇదంతా మా కాళ్ల కింద జరిగింది. మా వీధుల్లో పెరిగిన పిల్లల్లో ఎందరికో ఈ సంగతి తెలియదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కానీ ఆ శాస్త్రం నిలబడింది బంగారం డబ్బు మీద. కిందికి దింపే లిఫ్టు, గాలి, కరెంటు, నీళ్లు తోడే పంపులు అన్నీ గని ఇచ్చినవే. తవ్వకం ఖర్చు బంగారం ధరను మించిపోయి లోతు అంతస్తులు మూతపడుతూ వచ్చాయి. 1990ల మొదట్లో ప్రయోగాలు ఆగాయి. 2001 ఫిబ్రవరి 28న గనులే మూసేశారు. ఫిజిక్సుకు జీతమిచ్చే సంస్థ ఎక్కడుందో, అది ఎంత చదువు అడుగుతుందో ముందే చూసుకోవాలని తల్లిదండ్రులకు చెప్పేది ఇందుకే.

ఇప్పుడా సంస్థలు ఒక రైలు దూరంలో ఉన్నాయి. భారతీయ విజ్ఞాన సంస్థ, రామన్ పరిశోధన సంస్థ, ఖగోళ భౌతిక సంస్థ, ఇస్రో, అన్నీ బెంగళూరులోనే. వీటిలో బీఎస్సీతోనే దొరికే ఉద్యోగాలూ ఉన్నాయి. ఇస్రోలో సైంటిఫిక్ అసిస్టెంటుకు ఫస్టు క్లాసు బీఎస్సీ చాలు, మూలవేతనం 44,900తో మొదలు. వాతావరణ శాఖలో అదే పేరున్న ఉద్యోగానికి 35,400. అయితే పోస్టులు కొన్నే, ప్రకటనలు ఏటా రావు. వాటినే నమ్ముకుని అప్పు చేయకూడదు.

అసలు దారి పొడుగు. బీఎస్సీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆపైన బీఈడీ చేసి బడిలో చేరొచ్చు, లేదా రీసెర్చి. రీసెర్చి గురించి చెప్పినప్పుడు తండ్రులు నమ్మరు. చదువుకుంటూ ఉంటే ప్రభుత్వమే డబ్బిస్తుందా అని అడుగుతారు. ఇస్తుంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చి ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటద్దె భత్యం వేరు. విజ్ఞాన సంస్థలోని ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి బీఎస్సీ చివరి ఏడాదిలోనే జామ్ పరీక్ష రాసి, డిగ్రీ కాగానే వెళ్లొచ్చు.

కాబట్టి మొదటి మూడేళ్లు వీలైనంత చవగ్గా గడవాలి. కోలారులోనూ మా ఊళ్లోనూ ప్రభుత్వ ప్రథమ దర్జా కాలేజీలున్నాయి. ఇంట్లో తిని, బస్సులో వెళ్లొచ్చి, మిగిలిన సమయమంతా గణితం మీద పెట్టమంటాను. పీయూసీలో బోర్డు మొత్తం మీద పైనున్న నూటికొకరిలో ఉంటే ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఏడాదికి 80,000 రూపాయలు ఉంది. అది వచ్చిన పిల్లకు అప్పు మాటే అక్కర్లేదు. ఎమ్మెస్సీకి మంచి చోట సీటు దొరికి, చేయి చాలకపోతే అప్పుడు తీసుకోండి. తీసుకున్నా చదువుతున్నన్నాళ్లూ వడ్డీ మాత్రమైనా కట్టేయండి, అసలు మీద పేరుకోకుండా.

మొదటి మూడేళ్లలో పిల్లవాడికి మనసు మారొచ్చు. ఎంసీఏ అనొచ్చు, బ్యాంకు పరీక్ష అనొచ్చు. అప్పు లేకపోతే ఆ మార్పుకు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. తండ్రి కాగితం మడిచి జేబులో పెట్టుకునే ముందు, దాని వెనక నేను మరొకటి రాసిస్తాను. మూడో ఏడాది సెప్టెంబరులో జామ్ దరఖాస్తు, ఫిబ్రవరిలో పరీక్ష. ఆ రెండు నెలల పేర్లు గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టమని పిల్లవాడితో చెబుతాను.