మందలో దాగిన రోగము

గోధనమును మన పెద్దలు ధనములలో నెల్ల మిన్నగా నెంచిరి. భారతమున విరాటుని కొలువునకు బోయిన సహదేవుడు తంత్రీపాలుడను పేర తన్ను దెలుపుకొనుచు, తాను గోవులను లెక్కించుటయందు నేర్పరి ననియు, తన పాలనమున మందలకు రోగము రాదనియు చెప్పుకొనును. లెక్కను, ఆరోగ్యమును ఒకే నోట చెప్పుటయందు గొప్ప యర్థము గలదు. ఎన్ని పశువులకు, ఎన్ని మందలకు రోగమున్నదో తెలియనిచో దానిని మాన్పు తెరవు దొరకదు. అట్టి యొక రోగమును గూర్చియు, దానిని లెక్కించిన విధమును గూర్చియు ఈ మాసము సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

చూడియావు నెలలు నిండక మున్నే దూడను పారవేసినచో పల్లెలలో "ఈసుకుపోయినది" అందురు. దిష్టి తగిలినదనియో, మరియొక గొడ్డు కొమ్ముతో పొడిచినదనియో కారణములు చెప్పుకొందురు. పొడిచినమాట యొక్కొకప్పుడు నిజమును కావచ్చును. కాని ఒకదానివెంట నొకటిగా చూడియావులు ఐదవ నెల దాటిన పిమ్మట ఈసుకుపోవుచుండినచో బ్రూసెల్లా యను సూక్ష్మక్రిమిని అనుమానింపవలెను. దీనివలన గలుగు వ్యాధికి బ్రూసెల్లోసిస్ అని పేరు. మనవారు ఈసుడు రోగ మందురు.

ఈ రోగమునకు గల చెడ్డగుణ మేమనగా, అది దాగియుండును. పెక్కు పశువులు ఒక్కమారు మాత్రమే ఈసుకుపోవును. మరుసటి చూలు నిండి దూడ చక్కగా పుట్టును. యజమానుడు రోగము వదలినదని సంతసించును. క్రిమి మాత్రము పొదుగునందును, దేహములోని గ్రంథులయందును నిలిచి, తరువాతి యీతలందు మాయతోను, ఉమ్మనీటితోను, పాలతోను వెలువడుచుండును. ఆ మాయను నాకిన పశువునకును, ఆ తడి సోకిన గడ్డి మేసిన పశువునకును రోగ మంటును. చూచుటకు పుష్టిగా నుండు ఆవే మందనంతను చెరుపగలదు. కావున దీనిని కన్నులతో చూచి లెక్కించుట పొసగదు. నెత్తురు పరీక్షించియే లెక్కింపవలెను.

ఈ క్రిమి చరిత్రలో ఒక స్త్రీ చేసిన పని మనము తెలిసికొనదగినది. 1887లో డేవిడ్ బ్రూస్ అను వైద్యుడు మాల్టా ద్వీపమున జ్వరముతో మరణించిన సైనికుల ప్లీహములందు ఒక క్రిమిని కనుగొనెను. 1897లో డెన్మార్కు దేశపు బెర్న్‌హార్డ్ బాంగ్ ఆవులు ఈసుకుపోవుటకు కారణమైన వేరొక క్రిమిని ప్రకటించెను. మాల్టా జ్వరము మేకలపాలవలన వచ్చుచున్నదని 1905లో థెమిస్టోక్లిస్ జమిత్ పరిశోధన తెలిపెను. అయినను మేకల క్రిమికిని ఆవుల క్రిమికిని చుట్టరిక మున్నదని ఎవ్వరును తలపలేదు.

ఆ చుట్టరికమును కనుగొన్నది అమెరికాలోని ఆలిస్ ఈవాన్స్. ఈమె 1881లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, తొలుత బడిలో పాఠములు చెప్పి, పిదప శాస్త్రము నభ్యసించి, ప్రభుత్వ పాడిశాఖలో పరిశోధకురాలయ్యెను. రెండు క్రిములును మిక్కిలి దగ్గరి బంధువులనియు, కాచని ఆవుపాలును మనుష్యులకు ప్రమాదమనియు 1918లో ప్రకటించెను. పేరుగన్న పండితులు పలువురు నమ్మలేదు. ఆమె స్త్రీయగుటయు, డాక్టరు పట్టము లేనిదగుటయు వారి యపనమ్మకమును పెంచెను. కొలదికాలమునకే ఇతర పరిశోధకులు ఆమె మాటను రుజువుపరచిరి. 1922లో ఆ క్రిమి ఆమెనే యంటెను. ఏండ్ల తరబడి ఆ జ్వరము ఆమెను వదలి వదలక బాధించెను. 1928లో అమెరికా బాక్టీరియా శాస్త్రజ్ఞుల సంఘమునకు ఆమె అధ్యక్షురాలయ్యెను. ఆ పీఠ మెక్కిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

మనుష్యులకు హాని యని తెలిసినపిమ్మట మందలను లెక్కించుట తప్పనిసరియయ్యెను. 1934లో అమెరికాలో కరవు వచ్చి పశువుల సంఖ్యను తగ్గింపవలసినపుడు, రోగమున్నవానినే ముందుగ తొలగింపనెంచి పరీక్షలు మొదలిడిరి. తొలినాళ్లలో పరీక్షించిన పెద్ద పశువులలో నూటికి 11.5 పశువుల నెత్తురులో రోగచిహ్నము కనబడెను. 1956లో పరీక్షలవలన తేలిన రోగపు మందలు 1,24,000.

ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. పశువుల లెక్క వేరు, మందల లెక్క వేరు. పదేసి పశువులు గల పది మందలున్నవనుకొందము. వానిలో ఐదు మందలందు ఒక్కొక్క పశువునకు రోగమున్నచో, పశువులలో నూటికి ఐదే, మందలలోనో సగము. ఒక్క రోగపు పశువు చాలును, ఆ మంద యంతయు అనుమానింపదగినదగును. పాలగిన్నెలో ఒక్క చుక్క పులుపు పడినట్లే.

పాడిమందలను పరీక్షించుట సులభము. మందలోని ఆవులన్నిటి పాలును కలిపిన పాత్రనుండి కొంచెము పాలు తీసి చూచినచో రోగము జాడ తెలియును. మాంసమునకై పెంచు మందలలో పాలు పితుకువారుండరు. పశువులు విశాలమగు బీళ్లలో మేయుచుండును. అందుచే ఆ దేశపువారు, సంతకును వధశాలకును వచ్చు పశువు వీపున సంఖ్యగల చీటీ నంటించి, అక్కడ నెత్తురు తీసి చూచి, రోగము కనబడినచో ఆ సంఖ్యనుబట్టి అది పుట్టిన మందకు వెదకుకొనుచు పోయిరి. టీకాయును తోడయ్యెను. 1923లో జాన్ బక్ అను పరిశోధకుని బల్లమీద ఏడాదికి మించి నిలిచియుండి బలము తగ్గిన క్రిమినుండియే ఆ టీకా పుట్టినది. 1992 నాటికి రోగపు మందలు 700కు దిగెను. 2008లో టెక్సాసుతో అన్ని రాష్ట్రములును రోగవిముక్తములని ప్రకటింపబడెను.

అయినను రోగము వేళ్లతో పోలేదు. ఎల్లోస్టోన్ అరణ్యప్రాంతమున బైసన్ అను అడవి పశువులకు రోగమున్నదని 1917లోనే తెలిసెను. ఊరిపశువులనుండి అడవికి పోయిన ఆ రోగమే, ఎల్కు అను పెద్ద దుప్పులద్వారా నేడు మరల ఊరిమందలకు వచ్చుచున్నది. విముక్తమని ప్రకటించిన యేడే మాంటానా రాష్ట్రము ఆ గౌరవమును కోల్పోయి, మరుసటి యేట గాని తిరిగి పొందలేదు. ఏమరిన యెడల రోగము మరల చొచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున 2019లో కేంద్రప్రభుత్వము గాలికుంటుతో బాటు ఈ రోగమునకును జాతీయ నివారణ పథకమును ప్రారంభించినది. నాలుగు మొదలు ఎనిమిది నెలల వయసుగల ఆవుపెయ్యలకును గేదెపెయ్యలకును జీవితమున ఒక్కమారు టీకా వేయుదురు. పెయ్య వయసు దాటిపోకమున్నే పశువైద్యునకు తెలుపుట గృహిణి చేతిలోని పని. చూడి పశువులకు గాని, కోడెదూడలకు గాని ఈ టీకా వేయింపరాదు.

కొట్టము ఊడ్చుట, ఈనినపుడు పశువు చెంత నుండుట, మాయ నెత్తి పారవేయుట పెక్కిండ్లలో మన చేతులమీదుగనే జరుగును. అందుచే ఈ రోగము మనకు సమీపమున నున్నది. మనుష్యులకు సోకినచో జ్వరము అలవలె ఎక్కి దిగుచు, రాత్రులు చెమటలు పోసి, నడుమును కీళ్లును నొచ్చును. మలేరియా యనియో, టైఫాయిడ్ అనియో పొరబడుదురు. ఇంట పశువు ఈసుకుపోయినమాట వైద్యునితో తప్పక చెప్పవలెను. తగిన మందులు గలవు. రెండు రకముల మందులను కలిపి ఆరు వారములైనను వాడుదురు. నడుమ మానరాదు. గర్భవతులకు ఈ రోగమువలన గర్భస్రావము కావచ్చును గనుక వారు ఈనెడు పశువును గాని, ఈసుకుపోయిన దూడను గాని తాకకుండుటయే మేలు.

ఈసుకుపోయిన దూడను, మాయను కుక్కలకు వేయక, చేతులకు తొడుగులు వేసికొని లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పూడ్పింపుడు. ఆ పశువును తక్కినవానికి దూరముగ కట్టుడు. పరీక్ష జరుగకమున్నే దానిని సంతకు తోలుట, తన యింటి నిప్పును పొరుగింటి కప్పుమీద వేయుటయే. ధారోష్ణక్షీరమును మన ప్రాచీన వైద్యగ్రంథములు కొనియాడినమాట మేమెరుగుదుము. అయినను పాలు పొంగువరకు కాచియే బిడ్డల కిండు. జున్నును బాగుగ ఉడికింపుడు.

సహదేవుని విద్య రాజుల కొలువునకే గాదు, మన పెరటి కొట్టమునకును వలయును. ఏ యావు ఎన్నవ నెలలో ఈసుకుపోయినదో, ఏ పెయ్యకు ఎన్నడు టీకా వేయించితిరో, ఇంటి పద్దుపుస్తకమున చివరి పుటలో వ్రాసియుంచుడు. ఇంటింట అట్టి పుట యున్ననాడు పశువైద్యునకు ఊరిలోని రోగము లెక్క దొరకును.